రేలా, పొగడా? తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో ఎంచుకునే, నాటే, పెంచే పద్ధతి

ఇంటి ముందు ఒక్క చెట్టుకే చోటుంది, రేల పెట్టాలా పొగడ పెట్టాలా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. చాలామంది నర్సరీలో పూల ఫొటో చూసి మొక్క కొనేశాక అడుగుతున్నారు. అప్పటికి సగం నిర్ణయం అయిపోయినట్టే.

రెండూ మన అడవుల్లో పెరిగే చెట్లే. తీరు మాత్రం పూర్తిగా వేరు. రేల ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. పొగడ ఆకు రాల్చదు, ఏడాదంతా ముదురాకుపచ్చగా ఉంటుంది. పూలు చిన్నవి, వాసన గొప్పది. అందుకే మొక్క కొనేముందు మీ స్థలాన్ని బాగా చూసుకోవాలి.

ఇక్కడ చెప్పేది తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి, పుత్తూరు, చిత్తూరు చుట్టుపక్కల ఎర్ర గరుసు నేలలకు, బోరు నీళ్ళకు సరిపోతుంది. పలమనేరు, కుప్పం వైపు నేల ఎత్తు ఎక్కువ, ఎండ కాస్త తక్కువ. అక్కడ పొగడకు ఎండాకాలం నీళ్ళు కొంచెం తగ్గించినా నడుస్తుంది, మిగతా అంతా ఒకటే.

## 1. ముందు స్థలం కొలవండి

టేపు తీసుకుని వాకిట్లోకి రండి. నాటాలనుకున్న చోట ఒక కర్ర పాతి, అక్కడినుంచి ఇవి కొలిచి కాగితం మీద రాసుకోండి.

- ఇంటి గోడకు దూరం: 15 అడుగులు ఉంటే మంచిది, 12 కంటే తగ్గకూడదు
- కాంపౌండ్ గోడకు: 6 నుంచి 8 అడుగులు
- సెప్టిక్ ట్యాంకు, నీళ్ళ సంపు, డ్రైనేజీ పైపులకు: 15 అడుగులు
- పైన కరెంటు తీగ ఉందా? ఉంటే ఆ చోటు వదిలేయండి
- రోజుకు ఎన్ని గంటలు నేరుగా ఎండ పడుతోంది
- వాన ఆగాక నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయి

రేల అయినా పొగడ అయినా ఎదిగాక కొమ్మలు 20 అడుగుల వెడల్పు దాకా పరుచుకుంటాయి. ఎత్తు 30 అడుగులు దాటుతుంది. చుట్టూ గోడలున్న రెండు సెంట్లు, మూడు సెంట్ల ఇళ్ళలో ఈ రెండూ ఇరుకే. అలాంటి చోట పారిజాతం పెట్టుకోండి. అదీ మన చెట్టే, కత్తిరించి పొట్టిగా ఉంచుకోవచ్చు. రేలను తెచ్చి ఇరుకులో నాటి, ఆరేడేళ్ళయ్యాక తల నరకడం కంటే అది ఎంతో నయం.

నీళ్ళు నిలిచే సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్ని కాలనీలు మునిగాయో అందరికీ తెలుసు. అప్పుడు మీ వాకిట్లో నీళ్ళు ఎక్కడ ఆగాయో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఆ చోటు గుర్తు పెట్టుకోండి.

## 2. ఏ చోటికి ఏ చెట్టు

అసలు తేడా నీడలో ఉంది. రేల ఫిబ్రవరి చివరి నుంచి ఆకు రాలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో కొమ్మలు దాదాపు మోడుగా ఉంటాయి. కొత్త ఆకు పూతతోపాటో, ఆ తర్వాతో వస్తుంది. అంటే మనకు నీడ బాగా కావాల్సిన రోజుల్లో రేల కింద నీడ పలచగా ఉంటుంది. పడమటి ఎండకు గోడ కాలిపోతోంది, చెట్టు అడ్డం పెడదామని రేల నాటితే ఎండాకాలమంతా బాధ తప్పదు.

ఆ పని పొగడ చేస్తుంది. గుబురుగా, గుండ్రంగా పెరిగి పడమటి ఎండను బాగా ఆపుతుంది. కానీ ఓపిక కావాలి, చాలా నిదానంగా పెరుగుతుంది. నాటిన ఐదేళ్ళకు కూడా మనిషి కంటే కొంచెం ఎత్తే ఉండొచ్చు. రేల అదే ఐదేళ్ళలో మిద్దె అంచును అందుకునే దాకా రావచ్చు.

నీళ్ళ దగ్గర రేలది పైచేయి. రెండేళ్ళు నిలదొక్కుకుంటే వానల మీదే బతికేస్తుంది. శేషాచలం కొండల్లో రాళ్ళ మధ్య పెరిగే చెట్టు అది. పొగడ కాస్త తడి ఉండే అడవుల చెట్టు. మన నేలలో బాగానే పెరుగుతుంది గానీ మూడు నాలుగు ఎండాకాలాలు దాన్ని మనమే దాటించాలి. బోరు ఎండిపోయి ట్యాంకర్ తెప్పించుకునే ఇంటివాళ్ళు ఈ మాట గట్టిగా ఆలోచించుకోవాలి.

ఎండ విషయంలో రేల రాజీపడదు. రోజుకు కనీసం 6 గంటలు నేరుగా పడకపోతే ఆకు వేస్తుంది, పూత వేయదు. పొగడ చిన్నప్పుడు సగం నీడను ఓర్చుకుంటుంది.

ఇక కసువు. రేల మార్చిలో ఆకు, మేలో పూరేకులు, మరుసటి ఏడు కాయలు రాలుస్తుంది. పొగడ పూలు రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి నేల మీద ఉంటాయి, ఆ పూలను ఏరుకుని దండ గుచ్చుకోవచ్చు. ఎండినా వాసన పోదు. కాయలు పండినప్పుడు మాత్రం పక్షులు, గబ్బిలాలు వస్తాయి. చెట్టు కింద కారు పెట్టేవాళ్ళకు మరకలు తప్పవు.

ఇంత చెప్పాక నా అభిప్రాయం:

- పడమర వైపు నీడ కావాలి, నీళ్ళకు కొదవ లేదు: పొగడ
- తూర్పున గానీ వీధి వైపు గానీ ధారాళంగా ఎండ పడే చోటు, నీళ్ళు తక్కువ: రేల
- వాన నీళ్ళు నిలిచే పల్లం: మట్టి పోసి ఎత్తు చేశాకే రెండిట్లో ఏదైనా
- తోట, మామిడి తోపు గట్టు, పొలం దగ్గరి ఇల్లు: రెండూ పెట్టండి, మధ్య 25 అడుగులు వదలండి

## 3. నర్సరీలో మొక్కను గుర్తుపట్టడం

పసుపు పూలు పూసే చెట్టు అంటే చాలు, కొన్ని చోట్ల ఏది దొరికితే అది చేతికి ఇస్తారు. పూత లేని మొక్కను ఆకును బట్టే పోల్చుకోవాలి.

రేల ఆకుకు ఒక ఈనె మీద 4 నుంచి 8 జతల పెద్ద రెక్కలుంటాయి. ఒక్కో రెక్క మూడు నాలుగు వేళ్ళ పొడవు, నున్నగా ఉంటుంది. రెక్కలు చింతాకు అంత సన్నగా, గుంపులుగా ఉంటే అది పచ్చ తురాయి. రెక్కలు పది జతల దాకా ఉండి, చిన్నగా కోలగా ఉంటే సీమ తంగేడు కావచ్చు. ఆ రెండూ రోడ్ల పక్కన పసుపు పూలే పూస్తాయి, కానీ వాటి గుత్తులు పైకి నిలబడతాయి. వేలాడే గుత్తులు రేలవి.

పొగడ ఆకు ఒంటరి ఆకు. మెరుస్తూ, అంచులు అలలుగా, కొన మొనదేలి ఉంటుంది. తుంచితే తొడిమ దగ్గర కొంచెం పాలు వస్తాయి. ఆకు కొన గుండ్రంగా ఉండి మధ్యలో చిన్న నొక్కు ఉంటే అది పాల చెట్టు, పొగడ కాదు.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- కాండం నిటారుగా, ఒకటే ఉండాలి. అడుగులోనే రెండుగా చీలింది వద్దు
- రేల 4 నుంచి 5 అడుగులు, పొగడ 3 అడుగులు ఉన్నా చాలు
- కవరు అడుగునుంచి లావు వేరు నేలలోకి దిగి ఉంటే తీసుకోవద్దు, లాగితే ఆ వేరు తెగుతుంది
- మొదలు పట్టుకుని మెల్లగా ఊపండి. మట్టిగడ్డలో వదులుగా కదిలితే వేరు పట్టలేదని అర్థం
- ఆకు అడుగున తెల్లటి పిండి, గోధుమరంగు పొలుసులు లేకుండా చూడండి

పది అడుగుల మొక్క తెచ్చుకుంటే తొందరగా పూస్తుందని ఆశపడతారు. చిన్న కవరులో ఏళ్ళతరబడి ఉన్న పెద్ద మొక్కకు వేర్లు చుట్టలు చుట్టుకుపోయి ఉంటాయి. చిన్న మొక్క నాటితే రెండు మూడేళ్ళలో దాన్ని దాటేస్తుంది.

## 4. విత్తనం నుంచి పెంచాలంటే

రేల కాయ నల్లగా, ఎండి, ఊపితే గలగలలాడేటప్పుడు కోయండి. జనవరి నుంచి మార్చి దాకా దొరుకుతుంది. పగలగొడితే అరల్లో నల్లటి జిగురు గుజ్జు, ఒక్కో అరలో ఒక్కో గింజ ఉంటాయి. గుజ్జు నానబెట్టి కడిగేయండి. ఆ గుజ్జు విరేచనాలు చేయిస్తుంది, పిల్లలు తీపిగా ఉందని నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

రేల గింజ తోలు చాలా గట్టిది. అలాగే నాటితే నెలల తరబడి మొలవదు. ఇలా చేయండి:

1. గింజకు ఒక పక్క గరుకు కాగితం మీద రుద్ది, తోలు రంగు మారేదాకా అరగదీయండి. గింజ కన్ను ఉన్న కొస ముట్టుకోవద్దు.
2. మామూలు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి.
3. ఉబ్బిన గింజలే నాటండి. ఉబ్బనివి మళ్ళీ రుద్ది నానబెట్టండి.
4. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమంగా కలిపిన కవర్లలో సెంటీమీటరు లోతున పెట్టండి.

ఎక్కువ గింజలుంటే రుద్దే ఓపిక ఉండదు. నీళ్ళు మరగనిచ్చి పొయ్యి మీదనుంచి దించి, గింజల మీద పోసి, ఒక రోజు అలాగే వదిలేయవచ్చు. మొలకల శాతం తగ్గుతుంది, పని మాత్రం తేలిక.

పొగడకు ఈ తంటా లేదు గానీ గింజ తాజాగా ఉండాలి. నారింజ రంగుకు తిరిగి రాలిన పండ్లు ఏరి, గుజ్జు తీసి కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి వెంటనే నాటండి. డబ్బాలో దాచిపెట్టి మరుసటి ఏడు నాటితే చాలావరకు మొలవవు. మొలక రావడానికి మూడు వారాలు పట్టొచ్చు, రెండు మూడు నెలలూ పట్టొచ్చు. మొలవలేదని కవర్లు తిరగేసే తప్పు ఎక్కువమంది చేస్తారు. మట్టి తడి ఆరకుండా, సగం నీడలో ఉంచి ఆగండి.

రెండిటికీ మొలక దశలో నీళ్ళు ఎక్కువైతే కాండం నేల దగ్గర మెత్తబడి వాలిపోతుంది. పైమట్టి కొంచెం ఆరాకే తడపండి.

## 5. ఎప్పుడు నాటాలి

తొలకరి పడగానే జూన్‌లో నాటడం చాలామందికి అలవాటు. మన వైపు జూన్, జులై వానలు నమ్మకంగా ఉండవు, మధ్యలో పదిహేను రోజులు ఎండ కాస్తుంది. నీళ్ళు పోయగలిగితే ఫరవాలేదు.

నేనైతే ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా, అంటే పుబ్బ నుంచి హస్త కార్తె లోపు నాటమంటాను. ఎండ తగ్గుతుంది, మొక్క వేరు పట్టే సమయానికి ఈశాన్య రుతుపవనాల వానలు వస్తాయి. ఎండాకాలానికి ముందు ఐదారు నెలలు చేతిలో ఉంటాయి.

నవంబరులో తుపాను వానలు ముసురు పట్టినప్పుడు నాటవద్దు. బురదలో నాటిన మొక్కకు ఊపిరాడదు, గాలికి ఒరిగిపోతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అసలే వద్దు.

## 6. గుంత, మట్టి

నాటడానికి మూడు వారాల ముందే గుంత తీయండి. 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. పలకలుగా తీయండి. గుండ్రంగా, గోడలు నున్నగా తీస్తే వేర్లు అందులోనే చుట్టూ తిరుగుతాయి. పైమట్టి ఒక కుప్ప, లోపలి గరుసు మట్టి ఇంకో కుప్ప వేయండి.

ఇప్పుడు గుంతకు నీళ్ళ పరీక్ష పెట్టండి. నిండా నీళ్ళు పోసి ఇంకనివ్వండి. రెండోసారి పోయండి. ఒక రోజు గడిచినా నీళ్ళు మిగిలితే కింద బండో, గట్టి పొరో ఉంది. గడ్డపారతో అడుగు పగలగొట్టండి. అప్పటికీ ఇంకకపోతే ఆ గుంత పూడ్చి, నేల మీద అడుగున్నర ఎత్తు, 6 అడుగుల వెడల్పు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి. రేలకు ఇది తప్పనిసరి, వేర్లు నీళ్ళలో నానితే ఆ చెట్టు బతకదు.

కొత్త లేఅవుట్లలో ఇంకో సమస్య ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు వాకిట్లోనే పూడ్చి పైన ఎర్రమట్టి పరుస్తారు. గుంత తవ్వగానే అవి బయటపడతాయి. వాటిని పూర్తిగా ఏరి పారేయండి. సున్నం కలిసిన మట్టిలో పొగడ ఆకు పసుపు తిరుగుతుంది, తర్వాత ఎంత ఎరువు వేసినా కోలుకోవడం కష్టం.

నింపడానికి కలపాల్సినవి:

- పైమట్టి 2 పాళ్ళు
- బాగా మాగిన పశువుల ఎరువు 1 పాలు
- వేపపిండి అర కిలో
- నేల బంకగా ఉంటే ఇసుక ఒక తట్ట

పచ్చి పేడ వేయవద్దు. వేడికి వేరు మాడుతుంది, పైగా చెదలను పిలిచినట్టే. మన ఎర్రనేలల్లో చెదలు ఎలాగూ ఎక్కువ.

## 7. నాటే రోజు

సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టండి. ముందు రోజు కవరు మొక్కకు నీళ్ళు పోసి ఉంచాలి.

1. కలిపిన మట్టితో గుంత సగం నింపి కాలితో కొంచెం అదమండి.
2. కవరును బ్లేడుతో పక్కన, అడుగున కోసి తీసేయండి. కాండం పట్టుకుని లాగవద్దు.
3. మట్టిగడ్డ చుట్టూ గుండ్రంగా తిరిగిన వేర్లుంటే కత్తెరతో మూడు నాలుగు చోట్ల కత్తిరించండి. భయపడొద్దు, కొత్త వేర్లు పక్కలకు పోతాయి.
4. కవరులో ఎంత లోతున ఉందో అంతే లోతున నిలబెట్టండి. కాండం మొదలు మట్టిలో పూడకూడదు.
5. మట్టి నింపుతూ, నీళ్ళు పోస్తూ, గాలి సందులు లేకుండా అదమండి.
6. మొక్కకు ఒకటిన్నర అడుగు దూరంలో గట్టు వేసి పాదు చేయండి. మొదలు దగ్గర మట్టి కొంచెం ఎత్తుగా ఉండాలి.
7. ఒక బిందె నీళ్ళు నిదానంగా పోయండి.
8. పాదులో నాలుగు వేళ్ళ మందం ఆచ్ఛాదన (మట్టిని కప్పే ఎండు ఆకు, పొట్టు) పరవండి. మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదలండి.

ఆచ్ఛాదనకు మన వైపు కొదవే లేదు. చెనక్కాయ పొట్టు, ఎండిన చెరకు ఆకు, మామిడాకులు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది. చెదలు ఉన్న చోట చెనక్కాయ పొట్టులో గుప్పెడు వేపపిండి కలపండి.

ఊతానికి మొక్కకు రెండు వైపులా రెండు కర్రలు పాతి, పాత గుడ్డ పీలికతో వదులుగా కట్టండి. ఒకటే కర్రకు బిగించి కడితే కాండం గట్టిపడదు. ప్లాస్టిక్ తాడు, ఇనుప తీగ వద్దు, బెరడు కోసేస్తాయి. ఏడాది తిరిగేసరికి కర్రలు తీసేయాలి.

వీధి వైపు నాటితే అదే రోజు కంచె వేయండి. పశువులు ఒక్క పూటలో పని ముగిస్తాయి. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్ళకు కోతుల బెడద కూడా ఉంటుంది. లేత కొమ్మ విరిచేస్తాయి. ముళ్ళకంప గానీ పైకప్పు ఉన్న ఇనుప గార్డు గానీ కావాలి.

## 8. నీళ్ళు

రోజూ మగ్గెడు నీళ్ళు చల్లడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. వేర్లు పైపైనే తిరుగుతాయి, ఎండ ముదిరితే మాడతాయి, తుపాను గాలికి చెట్టు లేచిపోతుంది. తక్కువసార్లు, లోతుగా పోయాలి.

మొదటి నెల రోజు విడిచి రోజు 10 లీటర్లు. తర్వాత వారానికి రెండుసార్లు 15 నుంచి 20 లీటర్లు. మొదటి ఎండాకాలం వారానికి మూడుసార్లు. వాన బాగా పడిన వారం మానేయండి. పోసేముందు ఆచ్ఛాదన పక్కకు జరిపి వేలు మట్టిలోకి గుచ్చి చూడండి. రెండు కణుపుల లోతున తడి తగిలితే ఆ రోజు అక్కర్లేదు.

రెండో ఏడు రెండిటికీ వారానికి ఒకసారి 30 నుంచి 40 లీటర్లు. మూడో ఏటి నుంచి దారులు వేరవుతాయి. రేలకు జనవరి నుంచి నీళ్ళు ఆపేయండి. ఆకు రాలనివ్వండి, పూతకు అది అవసరం. రోహిణి కార్తెలో మరీ వాడితే ఒక తడి ఇవ్వండి. పొగడకు మాత్రం నాలుగో ఎండాకాలం దాకా వారం వారం తడి తప్పించవద్దు.

పది రోజులకోసారి ఊరెళ్ళే వాళ్ళకు కుండ పద్ధతి బాగుంటుంది. పది లీటర్ల మట్టికుండను మొక్కకు ఒకటిన్నర అడుగు దూరంలో మూతి దాకా పాతి, నింపి, పైన మూకుడు పెట్టండి. కుండకు రంగు వేసి ఉండకూడదు, నీళ్ళు చెమ్మగా బయటికి రావాలి. పొగడకు ఇది చాలా బాగా పనిచేస్తుంది.

ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్ళు చాలా ఇళ్ళలో పైపు వేసి మొక్కలకు పెడుతున్నారు. అందులో బోరు నీళ్ళ కంటే ఉప్పు ఎక్కువ. వాషింగ్ మిషన్ నీళ్ళలో సబ్బు ఉప్పులుంటాయి. రెండూ లేత మొక్కకు వద్దు. ఏసీ నుంచి కారే నీళ్ళు పోయవచ్చు.

## 9. ఎరువు, కత్తిరింపు

మొదటి ఏడు గుంతలో వేసింది చాలు. రెండో ఏటి నుంచి జూన్‌లో ఒక తట్ట, సెప్టెంబరులో ఒక తట్ట మాగిన ఎరువు పాదు అంచున వేసి మట్టి కప్పండి. రేలకు యూరియా వేయకండి. చిక్కుడు జాతి కాబట్టి వేర్ల మీది బుడిపెలతో గాలిలోని నత్రజని తనే పట్టుకుంటుందని కొందరు చెప్తారు, కానీ రేల వేర్లకు ఆ బుడిపెలు రావు. అయినా యూరియా వేస్తే ఆకు విపరీతంగా వస్తుంది, పూత వెనకబడుతుంది.

కత్తిరింపులో రెండు చెట్లకూ ఒకటే సూత్రం వర్తించదు.

రేల చిన్నప్పుడు అడ్డదిడ్డంగా చీలి, కొమ్మలు కిందికి వాలతాయి. ఒక్క కాండాన్ని ఎంచుకుని 7, 8 అడుగుల దాకా అదే పైకి పోయేలా పోటీ కొమ్మలు తీసేయాలి. పూత అయిపోయాక, జూన్ చివర నుంచి జులై లోపు చేయండి. డిసెంబరు నుంచి మార్చి మధ్య కొమ్మలు నరికితే ఆ ఏటి పూతను నరికినట్టే.

పొగడకు మొదటి మూడేళ్ళు కింది కొమ్మలు ఉంచండి. అవి ఉంటేనే మాను లావెక్కుతుంది. తర్వాత ఏడాదికి కొన్ని చొప్పున కిందివి తీస్తూ రండి. చెట్టు ఎత్తులో కింది మూడో వంతు కంటే ఎక్కువ ఖాళీ చేయవద్దు. వానాకాలంలో చేస్తే తొందరగా చిగురిస్తుంది.

కొమ్మ కోసేటప్పుడు మానుకు ఆనించి కోయవద్దు, పొడుగు మోడు కూడా వదలొద్దు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోటికి బయటగా కోయండి. గాయం దానంతట అదే పూడుకుంటుంది, తారు, రంగు పూయనక్కర్లేదు.

## 10. తరచూ వచ్చే సమస్యలు

రేల ఆకులు జల్లెడలా తూట్లు పడ్డాయి. లేతాకుపచ్చ గొంగళ్ళు ఉంటాయి, అవి పసుపు సీతాకోకచిలుకల పిల్లలు. పెద్ద చెట్టయితే వదిలేయండి, పక్షులు తింటాయి, ఆకు మళ్ళీ వస్తుంది. ఈ చెట్టు మీద ఆధారపడి బతికే ప్రాణులవి, మందు కొట్టి చంపొద్దని నా విన్నపం. మూడడుగుల మొక్క మీద పడితే చేత్తో ఏరి వేరే రేల చెట్టు మీద వదలండి.

కొత్త ఆకు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. ఇనుము అందడం లేదు. సున్నపు నేల, ఉప్పు బోరు నీళ్ళ ఫలితం ఇది. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారం తర్వాత మళ్ళీ. చెనక్కాయ రైతులకు బాగా తెలిసిన మందే. దాంతోపాటు పాదులో ఎరువు పెంచితేనే ఫలితం నిలుస్తుంది.

పొగడ ఆకు మీద నల్లటి మసి, కాండం మీద చీమల బారు. ఆకు అడుగున పొలుసు పురుగో పిండినల్లో ఉంది. నీళ్ళ పైపుతో గట్టిగా కడగండి. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం కలిపి పది రోజులకోసారి మూడుసార్లు కొట్టండి. చీమల పుట్టను అక్కడినుంచి తొలగించకపోతే పురుగు మళ్ళీ వస్తుంది.

ఆకు అంచులు కాలినట్టు ఎండుతున్నాయి. ఎండదెబ్బ గానీ ఉప్పు గానీ. కొత్త ఆకు బాగుండి పాత ఆకు అంచులే కాలితే ఉప్పు. ఒకసారి పాదు పొంగేలా నీళ్ళు వదిలి ఉప్పును కిందికి దించండి. వాన నీళ్ళు పట్టి ఉంచుకోగలిగితే పొగడకు వాటిని మించినవి లేవు.

వానల్లో రేల ఆకు మొత్తం పసుపు తిరిగి రాలుతోంది. పాదులో నీళ్ళు నిలిచాయి. గట్టు తెంపి కాలువ తీయండి, ఆచ్ఛాదన పక్కకు లాగి మట్టి ఆరనివ్వండి. మొదలు మెత్తబడకముందు చేస్తేనే బతుకుతుంది.

మొదలు దగ్గర మట్టి గూళ్ళు. చెదలు. రాల్చేసి, వేపపిండి కలిపి పాదు తిరగేయండి. దగ్గర్లో ఎండిన కర్ర ముక్కలుంటే తీసేయండి.

## 11. పూత రాకపోతే

గింజ నుంచి పెంచిన రేల నాలుగైదేళ్ళకు మొదలుపెట్టవచ్చు, ఏడెనిమిది దాకా ఆగవచ్చు. పొగడకు అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆలోపు టెన్షన్ పడి ఏవేవో మందులు కొట్టవద్దు.

వయసు దాటినా రేల పూయకపోతే ఇవి వరుసగా చూడండి:

- పక్కింటి మిద్దె లేచి ఎండ తగ్గిందా
- పక్కన గడ్డికో పూలమొక్కలకో పెట్టే నీళ్ళు జనవరి, ఫిబ్రవరిలో దీని పాదులోకి పోతున్నాయా
- చలికాలంలో ఎవరైనా కొమ్మలు నరికారా
- యూరియా పడిందా

నేను చూసినంతవరకు రెండోదే ఎక్కువ. నీళ్ళు దండిగా అందే రేల ఆకు వదలదు, ఆకు వదలని రేల బాగా పూయదు.

పొగడకు ఎండ చాలకపోవడమే ముఖ్య కారణం. చిన్నప్పుడు నీడను ఓర్చుకున్నంత మాత్రాన పెద్దయ్యాక నీడలో పూస్తుందని కాదు. పైన కమ్ముకున్న వేరే చెట్టు కొమ్మలు తీసి వెలుతురు ఇవ్వండి.

## 12. చెట్టు పెద్దయ్యాక

రేల కాయలు రెండడుగుల దాకా పొడవుంటాయి. నడిచే దారి మీద రాలితే కాలు జారుతుంది. ఎండిన కాయలను జనవరి, ఫిబ్రవరిలో కొక్కెం కర్రతో దించేయండి. కాయ తొడిమ వరకే తుంచండి, కొమ్మ విరగ్గొట్టొద్దు. విత్తనానికి అడిగేవాళ్ళకు ఇవ్వవచ్చు.

కొమ్మలు కరెంటు తీగల దాకా వస్తే మీరే నిచ్చెన వేయవద్దు. కరెంటు ఆఫీసుకు చెప్పి, సరఫరా ఆపించి తీయించండి. ఏ కొమ్మ తీయాలో పక్కనుండి మీరు చూపించండి. లేకపోతే వాళ్ళు తలంతా కొట్టేసి వెళ్తారు, ఆ తర్వాత వచ్చే చిగుళ్ళు బలహీనంగా గుంపుగా వచ్చి గాలికి విరుగుతాయి.

ఇల్లు మార్చి కడుతున్నామనో, అమ్ముతున్నామనో చెట్టు తీసేయాల్సి వస్తే, అది మీ స్థలంలోదైనా అనుమతి అవసరం. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెట్ల నరికివేతకు కూడా వర్తిస్తుంది. పని మొదలుపెట్టే ముందే మున్సిపాలిటీలోనో అటవీ శాఖ కార్యాలయంలోనో కనుక్కోండి. ప్లాను గీయించే దశలోనే ఇంజనీరుకు చెట్టు ఉన్న చోటు చూపిస్తే చాలాసార్లు గోడ నాలుగడుగులు జరిపి చెట్టును మిగుల్చుకోవచ్చు.